మొగలి బల్ల వదిలి వెళ్ళిన మధ్యాహ్నం

మా విశ్వవిద్యాలయంలో ఏడాదికొక రోజు పరిశోధన చేసేవాళ్ళందరినీ ఒకే హాల్లోకి చేర్చి బల్లల వెనక నిలబెడతారు. మనిషికొక బల్ల, వెనక గోడకి ఒక పోస్టర్. ఎవరి పక్కన ఎవరు పడతారన్నది చీటీలు తీసి తేలుస్తారు. అందుకే ఆ రోజు చరిత్రవాళ్ళ పక్కన రసాయనాలవాళ్ళు, బరంపురం పట్టు నేత మీద పనిచేసే అమ్మాయి పక్కన నక్షత్రాల అబ్బాయి ఉంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరి బల్ల దగ్గర వాళ్ళుండాలి. ముగ్గురు పెద్ద ప్రొఫెసర్లు హాలంతా తిరుగుతారు. ఏ బల్ల దగ్గరికి ఎప్పుడు వస్తారో ముందుగా చెప్పరు.

మొన్న వానాకాలంలో జరిగినది, పాప పుట్టాక నేను వెళ్ళిన మొదటిది. నా పరిశోధనకి ఇచ్చిన గడువు అయిపోవచ్చింది. ఇంకో ఏడాది కావాలంటే ఆ ముగ్గురూ నా బల్ల దగ్గర ఆగి, నాతో మాట్లాడి, సరే అనాలి. లేకపోతే ఇన్నేళ్ళ పని అక్కడితో ఆగిపోతుంది. నాకు దారి చూపించే మేడమ్ ఫోన్‌లో ఒకటే మాట చెప్పారు: "ఆ రోజు బల్ల వదిలి కదలొద్దు."

కదలకుండా ఉండటం ఎలాగో నాకు తెలియలేదు. పాపకి అప్పటికి తొమ్మిదో నెల. సీసా నోట్లో పెడితే నాలుకతో బయటికి నెట్టేసేది. ఉగ్గు ఎన్ని రకాలుగా చేసినా ఒక చెంచా తిని, రెండో చెంచాకి మూతి బిగించేది. నా పాలు తప్ప మరొకటి ఒప్పుకునేది కాదు. పిల్లల డాక్టరు "తింటుంది, కంగారు పడకండి" అన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి నేను ఇంకొంచెం కంగారుగానే ఉన్నాను. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్ దాటి ఎటూ వెళ్ళలేదు. మార్కెట్లో ఎవరి బిడ్డ ఏడ్చినా నాకు పాలు చేపేవి.

నేను పనిచేసేది మొగలి పొదల మీద. ఒడిశాలో మా గంజాం తీరంలోనూ పొలం గట్ల మీదా ఎక్కడ చూసినా మొగలే. వానలు పడ్డాక పువ్వులు కోసి, పెద్ద రాగి పాత్రల్లో ఉడికించి అత్తరు తీస్తారు. ఆ వాసన మగ చెట్టు పువ్వుకే ఉంటుంది. ఆడ చెట్టుకి అనాసపండు లాంటి కాయ కాస్తుంది, దాన్ని ఎవరూ కొనరు. కాబట్టి జనం మగ చెట్ల కొమ్మలే నరికి నాటుకుంటారు. అయినా అక్కడక్కడ ఆడ చెట్లు మిగిలాయి. ఎక్కడ మిగిలాయి, ఎందుకు మిగిలాయి అన్నది నా ప్రశ్న. చుట్టాలు అడిగితే మాత్రం "మొక్కల మీద" అని ఊరుకుంటాను.

మా అత్తయ్యది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. ఆవిడ లెక్కలో మొగలి పొద అంటే పాము ఉండే చోటు. పువ్వు ఎక్కడుంటే పాము అక్కడికి వస్తుంది. పసిపిల్ల ఉన్న ఇంట్లోకి ఆ పువ్వు గడప దాటకూడదు. బరంపురం పక్కన హల్దియాపదర్‌లో మేముండే ఇంట్లో నా నమూనాలన్నీ స్కూటరు షెడ్డులోనే ఉంటాయి. వాటిని ముట్టుకుంటే స్నానం చేశాకే పాపని ఎత్తుకోవాలి.

ఆ రోజుకి ఆవిడని తోడు రమ్మని అడిగాను.

"వొస్తాను. పిల్లని నాను ఎత్తుకుంతాను. గానీ నీ పువ్వు దగ్గరికి మాత్రం తేను," అంది.

"అత్తా, అది బల్ల మీద ఉంటుంది. చెట్టు మీద కాదు కదా, పాము ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"బల్ల మీదున్నాదని పాముకి మీ మేడమ్ సెప్తాదేటి?"

మా ఆయన రైల్వేలో పనిచేస్తారు. డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ, "అమ్మా, అక్కడ పాముల మీద కూడా ఎవరో ఒకళ్ళు పీహెచ్‌డీ చేస్తూనే ఉంటారు. పాము వస్తే పట్టుకుని పొడుగు కొలుచుకుని వదిలేస్తారు," అన్నారు.

"నువ్వు నీ బండి కాడికి ఎల్లు."

పువ్వు లేకుండా వెళదామా అని ఆలోచించాను. కానీ పువ్వు లేని మొగలి బల్ల ముందు ఎవరు ఆగుతారు? చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. నేను నా బల్ల దగ్గర ఉంటాను. అత్తయ్య పాపతో హాలు అటు చివర, గుమ్మం వైపు ఉంటుంది. పాప ఏడిస్తే తువ్వాలు ఊపుతుంది. నేను చేతులు కడుక్కుని పరుగెత్తుకు వెళతాను. సంచిలో ఫ్లాస్కు, గిన్నె, చెంచా, ఉగ్గు, రెండు జతల బట్టలు సర్దాను. ఇంకో జత కూడా పెట్టాను. ఆటో ఎక్కాక దిగి వెళ్ళి దోమల క్రీము తెచ్చాను.

చీటీలో నాకు కిటికీ పక్క మూల వచ్చింది. పక్క బల్ల లెక్కల అబ్బాయిది. వాడి బల్ల మీద ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను, నీళ్ళ సీసా. అంతే. గోడ మీద పోస్టరు నిండా గుర్తులు. మా వైపు ఒడియా వాళ్ళు అక్కని నానీ అంటారు. వాడు నన్నలా పిలిచి, కాస్త జరిగి, నా మొగలి మట్టలకి చోటిచ్చాడు.

"నీ బల్ల మీద ఏమీ లేదే," అన్నాను.

"నాది తలలో ఉంది నానీ," అన్నాడు. "ఉందా లేదా అన్నది మా సార్ ఇంకా తేల్చలేదు."

నేను మొగలి కొమ్మ ఒకటి నిలువుగా పెట్టాను. పక్కన మగ పువ్వు, ఆడ కాయ పెట్టాను. వాసన హాలంతా పాకింది. వచ్చిన వాళ్ళు ముందు ముక్కుతో, తర్వాత కళ్ళతో నా బల్ల వైపు వచ్చారు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. కానీ నా చూపు వాళ్ళ భుజాల మీదుగా అత్తయ్య ఆకుపచ్చ చీర వెంటే ఉంది. కాసేపు ఆ చీర గుమ్మం దగ్గర ఉంది. తర్వాత గాజు తొట్టె పెట్టుకున్న బల్ల దగ్గరికి కదిలింది. అక్కడ పాప రెండు చేతులూ తొట్టె అద్దానికి ఆనించడం కనిపించింది. ఆ అద్దం శుభ్రంగా ఉందా అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో బల్ల, ఇంకో బల్ల. ఆవిడ ఏ బల్ల దగ్గర ఎంతసేపు నిలబడిందో, ఏ బల్ల ముందు నవ్విందో అన్నీ చూశాను. నా ముందున్న వాళ్ళు ఏం అడిగారో మాత్రం ఇప్పుడు గుర్తు లేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి ఆకుపచ్చ చీర ఎక్కడా లేదు.

తువ్వాలు ఊపితే నేను చూడలేదేమో. ఊపి ఊపి విసిగి బయటికి వెళ్ళిందేమో. పాప గుక్క పట్టి ఏడుస్తుంటే ఈ జనం మాటల్లో నాకు వినపడలేదేమో. రొమ్ములు రాళ్ళలా అయ్యాయి, జాకెట్టు తడుస్తోంది. పైట ముందుకి లాక్కున్నాను. ప్రొఫెసర్లు ముగ్గురూ అవతలి వరసలోనే ఉన్నారు. ఆ వరస అయితే మాదే.

లెక్కల అబ్బాయి నా వైపు చూసి, "మీరు వెళ్ళండి నానీ," అన్నాడు.

"వాళ్ళు వస్తే?"

"నా దగ్గర ఎలాగూ ఎక్కువసేపు నిలబడరు. ఆ మిగిలిన టైము మీ బల్లకి ఇస్తాను."

"మొగలి గురించి నీకేం తెలుసు?"

"పొద్దున్నుంచి దాన్నే చూస్తున్నాను. నా కాగితం కన్నా బాగుంది."

మేడమ్ మాట చెవిలో ఉంది. అయినా వెళ్ళాను.

ముందు గాజు తొట్టె దగ్గరికి వెళ్ళాను. ఆ బల్ల సముద్రం ఒడ్డున ఉన్న చమఖండి నుంచి వచ్చే అమ్మాయిది. వాళ్ళ నాన్న పడవ మీద వేటకి వెళతాడు, ఈమె ఒడ్డున ఇసకలో బొరియలు చేసుకునే పీతల మీద పనిచేస్తుంది. మనలాగే తెలుగు మాట్లాడుతుంది కాబట్టి అత్తయ్య అక్కడ బాగానే నిలబడిందట.

"పీతలు కూరకి పనికొస్తాయా అనడిగింది అక్కా. రావని సెప్పినాను. అయితే వీటికి అద్దాల మేడెందుకు అంది," అని నవ్వింది. "పాప బావుంది. ఏడవనేదు. ఆ ఇసక బల్ల కాడికి ఎల్లారు."

ఇసక బల్ల భూగర్భశాస్త్రం అబ్బాయిది. తీరంలో ఒక్కోచోట ఒక్కో రంగు ఇసక, అన్నీ చిన్న చిన్న పళ్ళేలలో పోసి పెట్టాడు. నల్ల ఇసక పళ్ళెం దగ్గర తెల్ల ఇసక, తెల్ల ఇసక దగ్గర నల్లది చల్లి ఉంది.

"మీ పాపేనా?" అన్నాడు.

"నోట్లో పెట్టుకుందా?"

"లేదు, నా చొక్కా జేబులో పోసింది," అని జేబు తీసి చూపించాడు. వాడి నమూనాలు పాడయ్యాయన్న బాధ కన్నా, అత్తయ్య వాడికి పెళ్ళయిందా లేదా అని ఒడియాలో ఆరా తీసిందన్న సిగ్గు ఎక్కువగా కనిపించింది.

తర్వాత ఆర్థికశాస్త్రం బల్ల. అక్కడి అమ్మాయి, ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనికి విలువ కట్టడం ఎలా అన్న దాని మీద పనిచేస్తోంది. అత్తయ్యని కూర్చోబెట్టి తెల్లవారి లేచింది మొదలు ఏమేం చేస్తారని అడిగిందట. అత్తయ్య సగం చెప్పి, "ఇయన్నీ రాసుకుంతే నీకు పని ఎప్పుడు అవుద్దమ్మా?" అని పాపని ఎత్తుకుని లేచిపోయిందట. ఆమె గుమ్మం బయటికి చూపించింది.

నేను ఇంచుమించు పరుగెత్తాను. దారిలో పట్టు అమ్మాయి ఏదో పలకరించింది, చెయ్యి ఊపి దాటేశాను. చరిత్రవాళ్ళు, పాత రాగి రేకుల ఫోటోలు, మెదడు బొమ్మలు, వరి వంగడాలు, అన్నీ నా పక్క నుంచి వెళ్ళిపోయాయి. ఇంతమంది ఇన్ని సంగతులు తెలుసుకున్నారు, నా పాప ఎక్కడుందో ఒక్కరికీ తెలియదు అనిపించింది.

వరండాలో స్తంభం దగ్గర ఆగిపోయాను.

అత్తయ్య బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పాప. ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని భాషల శాఖ అబ్బాయి, చేతిలో చిన్న రికార్డరు. గంజాం జిల్లాలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎలా మాట్లాడతారన్నది వాడి పని. వాడు ఒడియా అబ్బాయి, తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు. అందుకని అత్తయ్య వాడికి భాష రాదనుకుంది. ఆంధ్రా వైపు ఎక్కడో ఉద్యోగం వచ్చి ఉంటుంది, వెళ్ళేలోగా నేర్చుకుంటున్నాడు అనుకుంది. ఆ సంగతి సాయంత్రం ఆటోలో తనే చెప్పింది. జాలిపడి పాఠం మొదలుపెట్టింది.

"ఇదేటి?" అని వాణ్ణి అడిగింది, చెంచా పైకెత్తి.

"చెంచా, మావుసీ," అన్నాడు, ఒడియాలో పిన్నీ అని పిలిచినట్టు.

"సెంచా. సెంచాతో ఏటి సేస్తాం? ఇలగ తీస్తాం. ఇలగ ఊదుతాం. సల్లారనేదు, సూసావా? మళ్ళీ ఊదుతాం. ఇప్పుడు పెడతాం."

చెంచా పాప నోట్లోకి వెళ్ళింది. పాప కళ్ళు రికార్డరు మీదున్న ఎర్ర దీపం మీద ఉన్నాయి. మింగింది.

"మింగీసింది. ఏటి సేసింది? అను."

"మింగీసింది," అన్నాడు వాడు బుద్ధిగా.

"ఆఁ. ఇంకోటి పెడితే ఏటౌద్ది?"

"మింగీస్తాది?"

"సూద్దాం."

మింగేసింది. ఆ తర్వాతదీ మింగేసింది. వాడు ఒక్కో మాట తిరిగి చెప్పినప్పుడల్లా పాప వాడి నోటి వైపు చూసేది, తన నోరు తెరిచేది. గిన్నె అడుగు కనిపించేదాకా ఇది సాగింది. నేను స్తంభం వెనకే ఉన్నాను. ముందుకి ఒక్క అడుగు వేస్తే పాప నన్ను చూస్తుంది, చూస్తే చేతులు చాస్తుంది, అక్కడితో ఉగ్గు అయిపోతుంది. పాలు చేపుతూనే ఉన్నాయి. నేను చెయ్యగలిగింది కనపడకుండా ఉండటమే. అది నాకు కొత్త పని. కష్టంగానే ఉంది, కానీ నవ్వు కూడా వచ్చింది.

చప్పుడు లేకుండా వెనక్కి తిరిగాను.

నా బల్ల చుట్టూ జనం ఉన్నారు. ముగ్గురు ప్రొఫెసర్లూ అక్కడే ఉన్నారు. మా మేడమ్ వాళ్ళ వెనక నిలబడి గుమ్మం వైపు చూస్తున్నారు, నన్ను చూడగానే కళ్ళు చిన్నవి చేశారు. లెక్కల అబ్బాయి నా మొగలి కొమ్మని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు.

"ఇక్కడ చూడండి సార్. ఆకులు ఇష్టం వచ్చినట్టు లేవు. మూడు వరసలు. మూడూ మెట్లు తిరిగినట్టు తిరుగుతూ పైకి వెళుతున్నాయి. పొద్దున్నుంచి చూస్తున్నాను, ఒక్క ఆకూ వరస తప్పలేదు. మేము దీన్ని కాగితం మీద రాయడానికి తిప్పలు పడతాం. ఇది గట్టు మీద నిలబడి చేసేస్తోంది."

ముగ్గురిలో పెద్దాయన చరిత్ర ఆచార్యులు. కళ్ళజోడు తీసి కొమ్మ పైనుంచి కిందికి చూశారు. నేను దగ్గరికి వచ్చి, క్షమించండి సార్ అన్నాను.

"ఈ బల్ల ఎవరిది, మీదా అతనిదా?" అని అడిగారు.

"నాదే సార్."

"అతని బల్ల ఖాళీగా ఉంది. మీ బల్ల మీద లెక్కలు నడుస్తున్నాయి," అన్నారు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. ఆయన ఆడ కాయని వేలితో ముట్టుకుని అడిగారు, "దీన్ని ఎవరూ కొనరన్నారు పోస్టర్లో. ఎవరూ నాటరన్నారు. మరి ఎవరికీ అక్కర్లేని చెట్టు ఇన్నాళ్ళు ఎలా మిగిలింది?"

అది నా పరిశోధన మొత్తం. దానికి తయారు చేసుకున్న జవాబు ఒకటి ఉంది, అందులో పెద్ద మాటలున్నాయి. అవేవీ రాలేదు. ఇలా చెప్పాను:

"అక్కర్లేదన్నది అత్తరు వాళ్ళ మాట సార్. నేను తిరిగిన ఊళ్ళల్లో ఆడ చెట్టు ఉన్న చోటల్లా దాని వెనక ఒక ఇల్లో, కల్లమో, బావో ఉంది. గాలి ఆపడానికి, పశువులు రాకుండా ఉండటానికి ఉంచుకున్నారు. మట్టలు చాపలకి కోసుకుంటారు. అమ్మేది కాదు కాబట్టి లెక్కలో లేదు. సముద్రం ఒడ్డున మాత్రం ఎవరూ ఉంచలేదు, కాయలు నీళ్ళల్లో కొట్టుకొచ్చి వాటంతట అవే మొలిచాయనుకుంటున్నాను. అది ఇంకా చూడాలి. చమఖండి వైపు ఒడ్డంతా తిరగాలి. పాప పుట్టడం వల్ల ఆగింది."

"ఎంత టైము కావాలి?"

"ఏడాది సార్."

ఆయన మిగిలిన ఇద్దరి వైపు చూశారు. వాళ్ళలో ఒకాయన, "లెక్కల అబ్బాయి పేరు కూడా వేస్తారా థీసిస్ మీద?" అన్నారు. ఇంకొకాయన తల ఊపారు. పెద్దాయన, "పూర్తి చెయ్యండి. ఆ ఒడ్డు చూడకుండా రాయకండి," అని పక్క బల్ల వైపు కదిలారు. లెక్కల అబ్బాయి తన పోస్టరు ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ వాళ్ళు నిజంగానే ఎక్కువసేపు ఆగలేదు.

మేడమ్ నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఎక్కడికి వెళ్ళావు?"

"పాప కనపడలేదు మేడమ్."

"కనపడిందా?"

"తింటోంది."

ఆవిడ నా మోచెయ్యి వదిలారు. "గిన్నె ఖాళీ చేసిందా?" అన్నారు.

"చేసింది."

"అయితే సరే," అని వెళ్ళిపోయారు.

సాయంత్రం చేతులూ మెడా కడుక్కుని వరండాలోకి వెళ్ళేసరికి పాప నిద్రపోయి లేచింది. నన్ను చూసి చేతులు చాచింది. పాలు పట్టాను. కొంచెం తాగి, వదిలేసి, అటూ ఇటూ చూడటం మొదలుపెట్టింది. ఆకలితో తాగడం కాదు, పలకరించడం అంతే.

"మరేటి, ఒప్పుకున్నారా?" అంది అత్తయ్య.

"ఒప్పుకున్నారు. కానీ చమఖండి ఒడ్డుకి వెళ్ళాలి. పొద్దున్న వెళితే సాయంత్రమే."

"ఎల్లు. పిల్ల నా కాడ తింతాది. తినకపోతే ఆ బాసల బాబుని పిలుస్తాను."

నిజంగానే పిలిచింది. ఆ వారంలో వాడు మా ఇంటికి వచ్చాడు, పాప తినే వేళకే రమ్మని ఆవిడ చెప్పింది. వాడికి ఎంత సమాచారం దొరికిందో తెలియదు కానీ, పప్పు మెదపడం మాత్రం వచ్చేసింది.

ఆ తర్వాతి సోమవారం చమఖండి వెళ్ళాను. పొద్దున్నే ఛత్రపురం బస్సు, అక్కణ్ణుంచి ఆటో. పీతల అమ్మాయి అప్పటికే నీళ్ళంచున మోకాళ్ళ మీద కూర్చుని బొరియలు చూస్తోంది. ఇసక అబ్బాయి దూరంగా సంచి నింపుకుంటున్నాడు. పడవల దగ్గర ఆర్థికశాస్త్రం అమ్మాయి చేపలు సర్దే ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఏదో అడుగుతోంది, వాళ్ళు ఆమెకి తట్ట అందించి పని కూడా చెబుతున్నారు. ఒకటే ఒడ్డు. ఒక్కొక్కరికీ ఒక్కోటి కనిపిస్తోంది. నాకు మొగలి పొదలు కనిపిస్తున్నాయి. హాల్లో పరుగెత్తినప్పుడు ఇన్ని సంగతులు ఎందుకా అనుకున్నాను. ఆ పొద్దున్న, ఎవరి పని వాళ్ళు చేసుకుంటుంటే, అందరి మధ్యా నాకూ ఒక చోటు ఉండటం బాగుంది.

అక్కడికి వెళ్ళాక కూడా కంగారు ఎక్కడికీ పోలేదు. మొదటి పొద దగ్గరే ఇంటికి ఫోను చేశాను.

"ఏటి?" అంది అత్తయ్య.

"పాప ఏం చేస్తోంది?"

"ముద్ద తింతంది."

"ఏడ్చిందా?"

"నీ గొంతు ఇంటే ఏడుస్తాది. పెట్టీ."

పెట్టేసింది. నేను ఫోను సంచిలో వేసి, తర్వాతి పొద దగ్గరికి నడిచాను. ఆడ చెట్టు. కాయ పండి నారింజ రంగుకి వచ్చింది, వెనక ఇల్లు లేదు, బావి లేదు, ఇసక తప్ప ఏమీ లేదు. వేళ్ళ దగ్గర కూర్చుని కొలవడం మొదలుపెట్టాను. ఎండ ఎక్కాక పీతల అమ్మాయి లేచి, ఇంకెంతసేపు అక్కా అని కేక వేసింది. ఇంకా చాలా పొదలున్నాయని చెప్పాను.